పొద వెనక సింహం

మధ్యాహ్నం పార్టీ ఉంది కదా అని లక్ష్మీనారాయణ పొద్దున్న టిఫిన్ కూడా మానేశాడు.

క్వేకర్స్ హిల్‌లో కొత్తిల్లు కొన్న విద్యావతి అతని భార్య శ్రీదేవికి ఆఫీసు స్నేహితురాలు. ఆమె ముఖమే అతనికి సరిగ్గా గుర్తులేదు. ఇక ఆమె భర్తను చూసిందెప్పుడు?

గుమ్మంలో చెప్పులు విప్పేలోపే శ్రీదేవి ఆడవాళ్ళ మధ్యకు మాయమైపోయింది. పోతూ పోతూ చెవిలో ఒక మాట వేసింది.

"మీరై మీరు భోజనం మాట ఎత్తకండి. పరువు పోతుంది."

పెరట్లో ఎవరో ఏప్రన్ కట్టుకుని బార్బెక్యూ మీద చికెన్ కాలుస్తున్నాడు. ఆ వాసన హాలంతా కమ్ముకుంది.

హాల్లో సోఫా మధ్యలో ఒక పెద్దమనిషి. చేతిలో టీవీ రిమోట్. ఇంటాయన ఎవరని వేరే అడగాలా?

"రండి రండి, కూర్చోండి" అన్నాడాయన.

కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడాలి. టీవీలో ఏనుగుల ఫోటో ఉంది.

"బావుందండీ. ఎక్కడిది?" అన్నాడు లక్ష్మీనారాయణ. అక్కడే దొరికిపోయాడు.

"ఒకవాంగో అండీ, బోట్స్‌వానాలో. స్కూల్ హాలిడేస్‌లో వెళ్ళొచ్చాం. ఫోన్‌లోవి ఇలా టీవీలో పెట్టాను. అక్కడ రివర్ వెళ్ళి సముద్రంలో కలవదండీ, ఎడారిలోకొచ్చి ఇసకలో ఇంకిపోతుంది. ఆ జంతువులన్నీ దాని మీదే బతుకుతాయి."

విమానం దిగడం దగ్గర్నుంచి మొదలైంది. ఆ తర్వాత జీపు. ఆ తర్వాత మాను తొలిచిన సన్నటి పడవ, దానికి అటూ ఇటూ రెల్లు. నీళ్ళ పైన హిప్పో చెవులు. మళ్ళీ అవే చెవులు, ఇంకాస్త దగ్గరగా. టీవీలో ఏనుగులు, కడుపులో ఎలుకలు.

"ఈ పొద వెనక సింహం ఉందండీ."

"ఆ, కనిపించింది" అన్నాడు లక్ష్మీనారాయణ, త్వరగా తేలిపోతుందని.

"నిజంగానా? నేనింకా వెతుకుతూనే ఉన్నాను."

ఆయన మధ్యమధ్యలో వంటింటి వైపు చూస్తున్నాడు. అప్పుడే వడ్డించవద్దని భార్యకు సైగ కాబోలు. ఎంత రాక్షసుడు అనుకున్నాడు లక్ష్మీనారాయణ. పొగిడితేగానీ అన్నం పెట్టే ఘటం కాదని తేల్చుకుని, పొగడటం మొదలుపెట్టాడు. మబ్బుల్ని కూడా వదల్లేదు.

"చిరుతపులులవి సెపరేట్ ఆల్బమ్ ఉంది. బోర్ కొడుతోందేమో?"

"అయ్యో, ఎంత మాట. పెట్టండి."

ఆయన ఒక్క నిట్టూర్పు విడిచి, ఆ ఆల్బమ్ పెట్టాడు.

చిరుతలు అయిపోయాయి. కొంగలు అయిపోయాయి. లక్ష్మీనారాయణకు ఏడుపొక్కటే తక్కువ. పోతే పోయింది వెధవ పరువు, అడిగేద్దామని గొంతు సవరించుకున్నాడు.

ఈలోగా ఆయనే రిమోట్ పక్కన పడేసి, అతని చేతులు పట్టుకున్నాడు.

"ఏమీ అనుకోకండి, పిలిచిన మీరే ఇంత ముచ్చటపడి చూస్తుంటే ఆపడం మర్యాద కాదని ఇంతసేపూ లాక్కొచ్చాను గానీ, మీ ఇంట్లో భోజనాలెప్పుడు పెడతారండీ?"