జేబులో పొట్లం

"చేచ్చీ, కాస్త జరగండి."

పడవ ఎక్కుతూనే, అక్కని పిలిచినట్టు పిలిచి రీత్తమ్మ పక్కన కూలబడ్డాడా మనిషి. బక్కపలచటి ఒళ్ళు, మాసిన పంచె. పొట్ట పట్టుకుని ముందుకి వంగిపోయాడు.

పొద్దున్నే కల్లుపాక నుంచి వస్తున్నాడనుకుంది రీత్తమ్మ. ఆ నీటిపాయల ఊళ్ళల్లో మగాడు వంగి నడిస్తే చాలు, కల్లు ఖాతాలో వేసేస్తారు.

ఆమె కూతురు జిన్సి కూడా మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని ముడుచుకునే ఉంది. ఆ కడుపునొప్పికి ఒకరు నులిపురుగులన్నారు, ఇంకొకరు బడి ఎగ్గొట్టే వేషాలన్నారు. ఇక మిగిలింది పట్నంలో పెద్ద డాక్టరే.

"అలా కూర్చుంటే నొప్పి తగ్గుతుందా, మోళే?" కూతుర్ని అడిగినట్టు అడిగాడతను.

"మీకెలా తెలుసు?"

"నాకూ నీ వయసు నుంచీ అంతే. ఎంత తిన్నా ఒంటపట్టదు కదూ? దొడ్డికెళితే నూనె తేలుతుందా?"

రీత్తమ్మకి ఒళ్ళు మండింది.

"ఆడపిల్లని అడిగే మాటలేనా అవి? మేం పెద్ద డాక్టరు దగ్గరికే వెళ్తున్నాం. నీ వైద్యం మాకక్కర్లేదు!"

అతను నవ్వాడు. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. ఒళ్ళంతా చెమటలు. వణికే చేత్తో జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అది జారి జిన్సి ఒళ్ళో పడింది.

తెల్లటి పొడి.

"దేవుడా, మత్తుమందు! పసిపిల్ల ఒళ్ళో!"

రీత్తమ్మ పొట్లం నీళ్ళల్లోకి విసిరికొట్టింది.

"అది... అది..." అంటూ అతను నీళ్ళకేసి చెయ్యి చాపాడు.

"దింపెయ్యి శశీ, వీణ్ణి!" పడవంతా అరిచింది.

కండక్టరు శశి అతన్ని తర్వాతి జెట్టీలో బల్లమీద కూలేశాడు. "మత్తు దిగాక ఇంటికి పో, చేట్టా."

"అమ్మా, ఆయనకేదో అవుతోందే."

"నువ్వు నోర్ముయ్."

జెట్టీ కనుమరుగయ్యేదాకా జిన్సి వెనక్కే చూసింది.

ఆసుపత్రిలో మధ్యాహ్నమైనా డాక్టరు కుర్చీ ఖాళీగానే ఉంది. నర్సు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"డాక్టరుగారు ఇక రారమ్మా. రాత్రి ఊళ్ళో రోగిని చూడ్డానికెళ్ళి పడవలో వస్తూ, దారిలో జెట్టీ మీద పోయారు."

జిన్సి తల్లి మొహంలోకి చూసింది.

"ఏమైంది?" అడిగింది రీత్తమ్మ.

"చిన్నప్పటి నుంచీ ఆయన క్లోమంలో రాళ్ళు. తిన్నది అరగదు, దానికి తోడు షుగరు. ఇన్సులిన్ వేసుకున్నాక ఒక్కోసారి ఆ షుగరు అమాంతం పడిపోయేది. అప్పుడు నోట్లో వేసుకోమని రోజూ నేనే గ్లూకోజు పొట్లం కట్టి జేబులో పెట్టేదాన్ని. ఇవాళ జేబంతా వెతికినా అది దొరకలేదటమ్మా."