వెయ్యి అడుగుల దూరం

"ఐదొందల అడుగులు ఏ మూలకి నాయనా? వెయ్యి చెయ్యి!" అంది ఓపల్ స్టెన్‌బర్గ్, బల్ల గుద్ది.

నగర ప్రణాళికా అధికారి వెండెల్ క్రాఫ్ట్ మురిసిపోయాడు. పచ్చబొట్టు దుకాణాలు బడికీ చర్చికీ ఎంత దూరంలో ఉండాలో తేల్చే రూలు రాస్తున్నాడాయన. హాలిస్‌బర్గ్‌కి వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఊళ్లో ఒక్కరూ తెలియకపోవడమే తన నిష్పక్షపాతానికి గ్యారంటీ అని ఆయన గట్టి నమ్మకం.

ఆ రూలు మీద జనం మాట వినడానికి పెట్టిన ఏ విచారణకీ ఓపల్ రాకుండా ఉండేది కాదు. జులై ఉక్కలో కూడా మణికట్టు దాకా స్వెటరు, చేతిలో నిమ్మకాయ బిస్కెట్ల డబ్బా. డెబ్భై దాటిన ఆ పెద్దావిడ ముందు వరసలో కూర్చుంటే వెండెల్‌కి నాగరికత ఇంకా బతికే ఉందనిపించేది.

ఎదురు వరసలో కేలిన్ కూర్చుంది. ఆరేళ్లు ఒకరి దగ్గర పచ్చబొట్లు వేసి, ఇప్పుడు సొంత దుకాణానికి దరఖాస్తు పెట్టుకున్న పిల్ల. ఆమె ఖర్మ కాలి, అదే వారం రాజధాని నుంచి ఓ పెద్ద కంపెనీ కూడా ఊళ్లో మూడు చోట్లకి దరఖాస్తు పడేసింది. వాళ్లు దిగితే ఈమె గతి అంతే.

"వెయ్యి అడుగులంటే నేనెక్కడికి పోవాలి మేడమ్?" కేలిన్ లేచి నిలబడింది.

"ఎక్కడికైనా పో తల్లీ, మాకేం? రాసుకో నాయనా, కరాటే క్లాసు కూడా బడి కిందే లెక్క. లైబ్రరీ కూడా. ఆ కొట్టుకీ కొట్టుకీ మధ్య కూడా వెయ్యి ఉండాలి. లేకపోతే వీధికి నాలుగు పుట్టుకొస్తాయి."

"రాసుకున్నాను మేడమ్."

విచారణ అయ్యాక, కళ్లు తుడుచుకుంటున్న కేలిన్‌కి ఓపల్ ఓ బిస్కెట్ తీసిచ్చింది. అంత పోట్లాడి కూడా ఎంత పెద్ద మనసు! వెండెల్ కళ్లు చెమర్చాయి.

కౌన్సిల్ రూలు పాస్ చేసింది. వెండెల్ కంపాస్ పుచ్చుకుని ఊరి మ్యాప్ మీద వృత్తాలు గీశాడు. చర్చిలు, బళ్లు, పార్కులు, కరాటే క్లాసులు అన్నీ అయ్యేసరికి ఊరు మొత్తం మునిగిపోయింది. ఎలా తప్పించుకుందో, మిల్లు రోడ్డులో మూతపడ్డ ఓ లాండ్రీ మాత్రం తెల్లగా మిగిలింది.

కంపెనీ లాయరు ఫోన్ చేశాడు.

"మా మూడు చోట్లూ కుదరవా?"

"కుదరవు."

"పోనీ ఆ లాండ్రీ?"

"అది నిన్న పొద్దున్నే కేలిన్ అనే అమ్మాయి దుకాణానికి అద్దెకి తీసుకుంది. ఆమెకి వెయ్యి అడుగుల్లోపు మీరు రాకూడదు."

"అంటే ఊరంతటికీ ఒకే దుకాణమా?"

"ఇక్కడ నీతీ నియమం ఉన్నాయండీ!" అని ఫోన్ పెట్టేసి, లేని మీసం దువ్వుకున్నాడు వెండెల్.

ఒక్కటే దిగులు. ఆ ఒక్క దుకాణమైనా మిగిలిందని తెలిస్తే పాపం ఓపల్ గారు ఎంత కుమిలిపోతారో! ఆవిడ ఇంటికెళ్లి నెమ్మదిగా నచ్చజెప్పాలనుకున్నాడు. ముందు ఈ పని ముగిద్దామని, శుక్రవారం లైసెన్సు పట్టుకుని మిల్లు రోడ్డుకెళ్లాడు.

కేలిన్ మొహం వెలిగిపోతోంది. కొత్త కుర్చీలు, కొత్త రంగు, అద్దంలా మెరిసే నేల.

"స్థలం యజమాని సంతకం కూడా కావాలమ్మా," అన్నాడు వెండెల్.

"ఇక్కడే ఉన్నారు సార్." కేలిన్ వెనక గదివైపు తిరిగింది. "నానమ్మా, ఒకసారి రా!"

స్వెటరు లేకుండా, భుజాల దాకా పచ్చబొట్లతో ఓపల్ స్టెన్‌బర్గ్ బయటికొచ్చింది.