పీట కింద నీళ్ళు

“నీళ్ళూ కరెంటూ ఒకే పెట్లో పెడతాడంట! ఆడికి బుర్ర గాని పాడైపోనాదేటి? అడుగే!” అన్నాడు అప్పలసూరి పెళ్ళాంతో.

ఆ ‘ఆడు’ కొడుకు యోగేశ్. రెండడుగుల దూరంలోనే కొత్త కంప్యూటర్ సామాను నేలంతా పరుచుకుని కూర్చున్నాడు. అప్పలసూరి చేసిన రేవు ఫిట్టరు పని కొడుకు చెయ్యనన్న రోజు నుంచి, అంటే రెండేళ్ళుగా, తండ్రీకొడుకుల మధ్య నేరుగా మాటల్లేవు. రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లోని ఆ ఒంటిగదిలో కామాక్షమ్మే వాళ్ళకి పోస్టాఫీసు. మాటలు మోసీ మోసీ ఆవిడ నలిగిపోయింది.

“నాను సచ్చేలోపు మీరిద్దరూ ఒక్క మాట తిన్నగా ఆడుకుంటే సాలు” అంది ఏడుపు గొంతుతో.

“అమ్మా, నాన్నకి సెప్పు. పెళ్ళి వీడియోలు ఎడిట్ సేత్తంటే పాతది కాగిపోయి మధ్యలో ఆగిపోతంది. దీనికి ఫేను కూలర్ సాలదు. ఓడ ఇంజన్లు కూడా నీళ్ళతోనే సల్లారతాయని నా సిన్నప్పుడు ఎవురు సెప్పినారో అడుగు.”

చెప్పింది అప్పలసూరే. అయినా తగ్గలేదు.

“ఫేనయితే దుమ్ము దులుపుకుంటే సాలు. పైపన్నాక ఏదో నాడు కారతాదని సెప్పు.”

యోగేశ్ వింటేగా! చాందినీ మార్కెట్ నుంచి నీళ్ళ కూలరే తెచ్చి బిగించి, కంప్యూటర్ డబ్బాని పీటెక్కించాడు.

మూడోనాడు పొద్దున్న పీట కింద చారెడు నీళ్ళు.

“సెప్పినానా లేదా?” గది అదిరేలా అరిచాడు అప్పలసూరి, తిన్నగా కొడుకు మొహం మీదే. అరిచాక గాని గుర్తురాలేదు, తాము మాట్లాడుకోవడం లేదని.

“ధుర్! ఎక్కడ కారతందో కనిపిత్తే గదా నాన్నా!” అన్నాడు యోగేశ్. కంగారులో వాడూ మర్చిపోయాడు.

అప్పలసూరి పాత టార్చి తీసి నేల మీద బోర్లా పడుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఓడల కడుపుల్లో దూరి పైపులు బాగుచేసిన మనిషి. ప్రతి అతుకునీ తడిమాడు, కాగితం ముక్క ఒత్తి చూశాడు. అంతా పొడి. మర్నాడు మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఇద్దరూ నేల మీద. ఇలా నాలుగు రోజులు గడిచేసరికి ఒకే గిన్నెలో మురీలు, అదే మరమరాలు, నములుతూ, ఓడ కబుర్లు చెప్పుకుంటూ వెతుకుతున్నారు.

“రోజూ ఈ తుడుపు నా వల్ల కాదు. మీకు సిగ్గు నేదు!” గుడ్డ పిండుతూ తిట్టిపోసింది కామాక్షమ్మ.

చివరికి యోగేశ్ చేతులెత్తేశాడు. “నువ్వే గెలిసినావు నాన్నా. రేపు ఇది తిరిగిచ్చేసి ఫేనుదే తెత్తాను.”

అప్పలసూరి గతుక్కుమన్నాడు. గెలుపు ఇంత చప్పగా ఉంటుందని ఆయన అనుకోలేదు. రేపటి నుంచి ఈ టార్చీ ఉండదు, ఈ కబుర్లూ ఉండవు.

“ఏటీ, పీకేత్తావా? నీ పనేటి ఆగిపోనాదిరా? ఉండనీ! నానుండగా సిటికెన ఏలంత పైపు నన్ను ఓడిత్తాదా? పొద్దున్నే లేపు, మళ్ళీ సూద్దుం.”

“సరే నాన్నా” అని నవ్వాడు యోగేశ్.

కామాక్షమ్మ సణుక్కుంటూ తడిగుడ్డ ఆరేసి, ఇద్దరికీ టీ పోసింది.

మర్నాడు కూడా వాళ్ళు లేవకముందే కామాక్షమ్మ పీట కింద చారెడు నీళ్ళు పోసింది.