మోపెడ్ టైరు

పాత టైర్లను పొడి కొట్టే ఫ్యాక్టరీ లారీ ఇంటి ముందు ఆగగానే, పంక్చర్ల కొట్టాయన భార్య చీపురుతో సహా బయటికొచ్చింది.

"ఒక్కటి కూడా మిగలడానికి వీల్లేదు. పెరట్లో దోమలకి సత్రం కట్టించావు! ఇవైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

ఆయన టైర్లన్నీ దొర్లించుకొచ్చి లారీ ఎక్కించాడు. పెరడు ఖాళీ అయింది. ఆ ఊపులో ఆమె ఇల్లు కూడా ఊడ్చేస్తుంటే మంచం కింద చీపురుకి ఏదో తగిలింది. లాగి చూస్తే, గోనెసంచిలో చుట్టిన మోపెడ్ టైరు.

"ఇదెందుకు దాచావు?"

లోపలికొచ్చిన ఆయన టైరు అందుకున్నాడు.

"నీ మోపెడ్‌దే. మేకు దిగిందని మొదటిసారి నా కొట్టుకి తోసుకొచ్చావే, ఆ టైరు."

"దిగింది కాబట్టే తోసుకొచ్చాను. ఇటివ్వు, లారీ వెళ్లిపోతుంది."

ఆయన ఇవ్వలేదు. టైరును వెలుతురులోకి తిప్పాడు.

"ఎన్ని వేల పంక్చర్లు వేశానో! రోడ్డు మీద మేకు ఒక్కచోటే దిగుతుంది. దీనికేమో పక్కపక్కనే మూడు బెజ్జాలు."

ఆమె చీపురు గోడకి ఆనించింది.

"ఇన్నేళ్లూ అడగలేదేం?"

"అడిగితే దీన్ని మాయం చేస్తావని."

"దోమల వంకతో ఆ పనే చేద్దామనుకున్నా." నవ్వాపుకుంటూ టైరు దుమ్ము దులిపి, ఆమే మళ్లీ మంచం కిందికి తోసింది. "ఏం చెయ్యను, కొత్త టైరాయె. మొదటి రెండు మేకులకీ గాలి పోలేదు."