బయటి మనిషి

“కదలకండి. చెవికి రంగు అంటుకుందంటే వారం దాకా పోదు,” అంది భార్య.

ఆయన కదలకుండా కూర్చున్నాడు. వంటగదిలో స్టూలు, మెడ చుట్టూ పాత తువ్వాలు. కణతల దగ్గర తెల్లబడ్డ జుట్టుకి ఆవిడ అరిగిపోయిన టూత్‌బ్రష్షుతో నల్లరంగు పూస్తోంది.

“వాళ్ళక్కావలసింది ప్రోగ్రాములు రాసేవాడు. పెళ్ళికొడుకు కాదు.”

“పెళ్ళిచూపులప్పుడు వయసు మీకు కలిసొచ్చింది. ఇప్పుడు నేను కలపాల్సొస్తోంది. మొహం ఇటు తిప్పండి.”

పోయిన వేసవిలో కంపెనీవాళ్ళు ఆయన టీమునంతటినీ ఒక గదిలోకి పిలిచి, బాగా పనిచేశారని చప్పట్లు కొట్టి, మధ్యాహ్నానికల్లా బ్యాడ్జీలు వెనక్కి తీసుకున్నారు. వాళ్ళు చేసే పని ఇప్పుడు యంత్రమే చక్కబెట్టుకుంటోంది. అప్పటినుంచి ఆయన దరఖాస్తు పెట్టని కంపెనీ లేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని చూసి కుర్ర మేనేజర్లు “మీ అనుభవానికి ఈ ఉద్యోగం చిన్నదండీ” అని మర్యాదగా తలుపేసేవారు. పిలిచింది ఇదొక్కటే, అదీ సముద్రాల అవతలినుంచి. ఇది కూడా తప్పితే నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత ఎక్కడికన్నది మొగుడూ పెళ్ళాలు పైకి అనుకోరు.

రంగు ఆరేలోగా ఆవిడ ఆయన కళ్ళజోడు తీసి తన ముక్కు మీద పెట్టుకుంది. వారం రోజులుగా ఇంట్లో ఇదే నాటకం.

“చెప్పండి. మా దేశమే ఎందుకు రావాలనుకుంటున్నారు?”

“జీతం కోసం.”

“తిన్నగా ఇంటికి పంపిస్తారు. మళ్ళీ చెప్పండి.”

“మీ కంపెనీ ఎదుగుదలలో పాలుపంచుకోవాలని.”

“పాఠం అప్పజెప్పినట్టు కాదు. నిజంగా అనుకుంటున్నట్టు చెప్పాలి.”

“నిజంగా అనుకుంటున్నది ముందే చెప్పాను కదే.”

ఆవిడ నవ్వలేదు. “అడిగినదానికే జవాబు. లేనిపోనివి తవ్వి నెత్తిన పోసుకోకండి,” అని కళ్ళజోడు తుడిచి ఇచ్చేసింది.

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

“నేను రాను నాన్నా. ముందే చెప్తున్నా.”

“ఆలూ లేదు, చూలూ లేదు. ఇంకా ఇంటర్వ్యూనే కాలేదు తల్లీ.”

“వస్తే? అక్కడి అక్షరాలు కూడా రావు నాకు. తొమ్మిదో క్లాసులో కూర్చుని ఓనమాలు దిద్దుకోవాలా? నేను నోరు విప్పితే అందరూ నవ్వుతారు.”

“నవ్వితే నవ్వనీ. నేర్చుకుంటావు.”

“నువ్వొక్కడివే వెళ్ళి డబ్బు పంపించు. చాలామంది నాన్నలు అలాగే చేస్తారు.”

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. “పని ఉన్నచోటికి మనిషి పోవాలి గానీ, మనిషి ఉన్నచోటికి పని రాదమ్మా,” అన్నాడు. చాలా ఏళ్ళుగా ఆయన అందరికీ చెప్పే మాటే అది. ఇవాళ అందులో పస లేదు.

ఇంటర్వ్యూ వేళకి తెరమీద కనిపించిన మేనేజరమ్మాయికి ముప్పై దాటి ఉండవు. వెనక అద్దాల గదుల్లో దీపాలు వెలుగుతున్నాయి. అక్కడ సాయంత్రం, ఇక్కడ పొద్దున్న.

“మీ వివరాలన్నీ చదివాను. పనిలో మీకు వంక పెట్టడానికి లేదు. ఈ ఊళ్ళో మీకు బంధువులున్నారా?”

“ఇప్పుడెవరూ లేరండీ.”

“మా దేశపు పాస్‌పోర్టు లేదు కదా?”

“లేదండీ. పని చేయడానికి అనుమతి తెచ్చుకుంటాను.”

“ఇల్లు, అమ్మాయి చదువు అన్నీ అక్కడ పెట్టుకుని ఇంత దూరం ఎందుకు?”

తలుపు పక్కన నిలబడ్డ భార్య పెదవులు కదిలించింది: పాలుపంచుకోవాలని. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

“నిజం చెప్పమంటారా? దేశం మారితే బతుకు మారుతుందన్న భ్రమ నాకు లేదండీ. ఎక్కడైనా అదే కుర్చీ, అదే తెర. జీతం ఎక్కువైన చోట ఖర్చూ దాని వెనకే వస్తుంది. ఇన్నేళ్ళూ చాకిరీ చేసి కంపెనీ నాదనుకున్నాను. కాదని ఒక్క పూటలో తెలిసింది. ఇప్పుడు నాక్కావలసిందల్లా పొద్దున లేచి వెళ్ళడానికి ఒక చోటు.”

మేనేజరు ముందున్న కాగితాలు మూసేసింది.

“మీరు దాచకుండా చెప్పారు, నేనూ అలాగే చెప్తాను. బయటినుంచి వచ్చేవాళ్ళతో మాకు మంచి అనుభవం లేదు. ఇక్కడి రద్దీ పడదు, పద్ధతులు పడవు. ప్రతిదానికీ ‘మా దగ్గరైతే ఇలా కాదు’ అంటారు. వీలు దొరగ్గానే వెళ్ళిపోతారు. గోడ మీద పిల్లి వాటం.”

“నేను వెళ్ళనండీ.”

“అందరూ అదే అంటారు.”

“జీతం ఎంత తగ్గించినా సరే.”

తలుపు పక్కన భార్య కళ్ళు మూసుకుంది.

“జీతం గురించి కాదండీ. ఇక్కడివాళ్ళనే తీసుకుందామని పైవాళ్ళు అనుకుంటున్నారు. మరోలా అనుకోకండి.”

తెర నల్లబడింది. అందులో ఆయన మొహం, నల్లటి కణతలతో, ఎవరిదోలా ఉంది.

కూతురు ఊపిరి పీల్చుకుంది. అంతలోనే తండ్రిని చూసి, ఏం చెయ్యాలో తెలియక, మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.

అన్నీ విన్నా భార్య అడిగింది. “ఏమన్నారు?”

“బయటివాళ్ళు వద్దట. ఆ ఊరివాళ్ళకే ఇస్తారట.”

“మీరు ఆ ఒక్కమాట చెప్పి ఉండాల్సింది.”

“ఆవిడకి తెలుసు. నా వివరాల్లో ఉంది.”

ఆయన పుట్టిందీ, ఓనమాలు దిద్దుకున్నదీ ఆ ఊళ్ళోనే.