స్టంప్ మైక్‌లో పడని మాట

బౌన్సర్ నేరుగా వెళ్లి హెల్మెట్‌కు తగిలింది.

నోయెల్ కార్టర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఫిజియో పరుగెత్తుకొచ్చాడు. రెండు నిమిషాల తర్వాత నోయెల్ లేచి, హెల్మెట్ మార్చుకుని, మళ్లీ గార్డు తీసుకున్నాడు.

తర్వాతి రెండు బంతులూ సిక్సర్లు.

బౌలర్ వంశీకి ఒళ్లు మండిపోయింది. పుట్టి పెరిగిన హైదరాబాద్‌లో అతనికిది మొదటి అంతర్జాతీయ మ్యాచ్. ముప్ఫై వేలమంది ముందు పరువు పోతోంది.

మరుసటి బంతి బ్యాట్‌కు తగిలీ తగలనట్టు వెళ్లి కీపర్ చేతుల్లో పడింది. అందరూ అరిచారు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు. రివ్యూలా, ఎప్పుడో అయిపోయాయి.

నోయెల్ మాత్రం అంపైర్ వైపు చూడనైనా చూడలేదు. బ్యాట్ చంకలో పెట్టుకుని పెవిలియన్ దారి పట్టాడు. తగిలిందని తనకు తెలుసు. అంతే.

అలాంటివాడికి దండం పెట్టాలి.

వంశీ ఎదురు పరుగెత్తి, మొహంలో మొహం పెట్టి, ఒక మాటన్నాడు. తెలుగులో. నోయెల్ తల్లిని కలిపి. ఏ తల్లీ వినకూడని మాట.

నోయెల్ ఒక్క క్షణం ఆగాడు. వంశీ కళ్లలోకి చూశాడు. వెళ్లిపోయాడు.

మ్యాచ్ అయిపోయింది. ఓడిన నోయెల్ జట్టు ఇంటికి, గెలిచిన వంశీ జట్టు ఆదివారం ఫైనల్‌కి.

అంపైర్ మాత్రం ఊరుకోలేదు. రిపోర్ట్ రాసిచ్చాడు.

మర్నాడు పొద్దున హైటెక్ సిటీలో జట్లు దిగిన హోటల్లోనే విచారణ. టీమ్ మేనేజర్ రామ్మోహనరావు కారిడార్‌లో చెమటలు తుడుచుకుంటున్నాడు.

“నీ పేరు మీద ఇప్పటికే మూడు డీమెరిట్ పాయింట్లున్నాయయ్యా. ఇంకొక్కటి పడిందా, ఫైనల్ టీవీలో చూసుకోవాలి!”

“గట్లెట్ల సార్? మా అమ్మ ఫస్ట్ టైం స్టేడియంకొస్తుంది.”

చంద్రమ్మ పన్నెండేళ్లు రాయదుర్గం టవర్లలో ఫ్లోర్లు తుడిచి కొడుకుని బౌలర్‌ని చేసింది. ఆదివారం కోసం తనతో పనిచేసిన ఎనిమిది మందికి పాసులు కూడా అడిగింది.

“సరే, నిజం చెప్పు. ఏమన్నావు?”

వంశీ చెవిలో చెప్పాడు.

“ఛీఛీ! అదేం నోరయ్యా! లోపలికెళ్లి క్షమాపణ చెప్పు.”

“చెప్తే తప్పు ఒప్పుకున్నట్టే గద సార్! స్టంప్ మైక్‌ల జనం లొల్లి తప్ప ఏం పడలే. అంపైర్‌కు తెలుగు రాదు. ఆ నోయెల్‌కూ రాదు. జర ఫికర్ చెయ్యకుండ్రి. నేను జూసుకుంట.”

లోపల మ్యాచ్ రిఫరీ, అంపైర్, ఓ పక్కన నోయెల్. అతని కణత దగ్గర బౌన్సర్ దెబ్బ ఇంకా వాచే ఉంది. మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి.

“నిన్న అతన్ని ఏమన్నావు?” రిఫరీ అడిగాడు.

“బాగా ఆడావన్నాను సర్.”

“అంత కోపంగానా?”

“మా దగ్గర మెచ్చుకున్నా గట్టిగానే మెచ్చుకుంటాం సర్.”

అంపైర్‌కి నవ్వు రాలేదు. రిఫరీకి అసలే రాలేదు. ఆయన నోయెల్ వైపు తిరిగాడు.

“ఆ మాట దగ్గరగా విన్నది నువ్వొక్కడివే. అది నీకు అవమానంగా అనిపించిందా? అవునంటే అతను ఫైనల్ ఆడడు.”

నోయెల్ వంశీనే చూస్తున్నాడు. రాత్రి నుంచి ధీమాగా ఉన్న వంశీ మొదటిసారి చూపు తిప్పుకున్నాడు.

“ఆదివారం అతన్ని ఆడనివ్వండి,” అన్నాడు నోయెల్. “మంచి బౌలర్. నాకు ఫిర్యాదు లేదు.”

రిఫరీ ఫైలు మూసేశాడు.

కిందికి వెళ్లే లిఫ్టులో ముగ్గురే. వంశీ, రామ్మోహనరావు, భుజాన కిట్ బ్యాగుతో నోయెల్.

“జూసిండ్రా సార్?” వంశీ ఈల వేసినంత పని చేశాడు. “ఏం సమజ్ కాక తెల్లమొహమేసిండు, పాపం!”

మేనేజర్ అతని కాలు తొక్కాడు. “నోర్మూసుకోవయ్యా, పక్కనే ఉన్నాడు!”

“ఉంటె ఏంది సార్? మనం పొగుడుతున్నమనుకుంటడు.”

నోయెల్ తలెత్తి మారుతున్న అంకెల్ని చూస్తూ నిలబడ్డాడు.

హోటల్ ముందు ఎయిర్‌పోర్టుకు వెళ్లే బస్సు సిద్ధంగా ఉంది. టీవీ కెమెరాలూ ఉన్నాయి. కెమెరాలుంటే వంశీ హుషారే వేరు. చెయ్యి చాచుకుంటూ బస్సు దాకా వెళ్లాడు.

నోయెల్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఆ చెయ్యి అందుకున్నాడు. గట్టిగా ఊపాడు. బస్సెక్కాడు.

తలుపు మూసుకుంటుండగా అతని మాటలు వంశీ చెవిన పడ్డాయి. అచ్చం చంద్రమ్మ మాట్లాడే తెలుగు.

“నెత్తికేం కాలేదమ్మా, నువ్వు పరేషాన్ గాకు... టీవీల జూసినవా? ఆ పిలగాడా? బాగ ఆడినవ్ అన్నడమ్మా, గంతే.”