పంతొమ్మిదో టెస్ట్

"మీ ప్రోగ్రాంలో తప్పుందండీ అష్ఫాక్ గారూ. ఇవాళే సరిచెయ్యాలి" అంది ఫోన్లో నుస్రత్.

అష్ఫాక్ కీబోర్డు పక్కకి నెట్టాడు. "ఏమైందండీ?"

"పద్దెనిమిది రోజుల్నుంచి మీరు పంపే టెస్ట్ మెసేజ్ అచ్చు ఒకేలా వస్తోంది. ఒక్క అక్షరం మారట్లేదు."

అది 2003. ఆటోనగర్ స్పేర్ పార్టుల గోడౌన్ నుంచి పటమట ఆఫీసుకి ఆర్డర్లు ఇకమీదట రహస్య లిపిలో వెళ్లాలి. పంపే ప్రోగ్రాం గోడౌన్లో అష్ఫాక్ 'సీ' భాషలో రాశాడు. అందుకుని విప్పే ప్రోగ్రాం పటమటలో నుస్రత్ జావాలో రాసింది. గొంతు వినడమే తప్ప ఆమెనతను ఎన్నడూ చూడలేదు. రెండుసార్లు భోజనం మానేసి వెళ్లి, ఆ ఆఫీసు ఎదురుగా సోడా బండి దగ్గర నిలబడ్డాడు. మెట్లు దిగేవాళ్లలో నుస్రత్ ఎవరో తెలియక వెనక్కొచ్చేశాడు.

రోజూ పొద్దున ఏదో ఒక వాక్యం పంపి చూడాలి. అతను పంపేది ఒకటే: "ఒక్కసారి మిమ్మల్ని చూడాలనుంది."

అటునుంచి "అందింది, ఓకే" అని వచ్చేది. అంతే. విప్పి చదువుతోందో లేదో తెలియదు. అడగడానికి నోరు రాలేదు.

"మెసేజ్‌కి కలిపే అంకెలు, అదే ఐవీ, మారట్లేదండీ" అంది నుస్రత్. "ఆ అంకెలివ్వడానికి నాకు జావాలో సెక్యూర్‌రాండమ్ ఉంది. మీరేం వాడారు?"

"సీలో ఉండే రాండ్ అండీ."

"అదీ సంగతి. ప్రోగ్రాం మొదలెట్టిన ప్రతిసారీ అది మళ్లీ అవే అంకెలిస్తుంది. ఐవీ అంకెలు ఎవరి ఊహకీ అందకూడదు. అప్పుడే ఒకే మెసేజ్ రోజుకో రూపంలో వస్తుంది. మీది లినక్సే కదా, అందులో ఉండే డెవ్ యూరాండమ్ నుంచి ఆ అంకెలు తీసుకోండి."

"సరేనండీ."

ఇంకో మాటేదైనా అంటుందేమోనని రిసీవర్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. ఆమె పెట్టేసింది.

ఇన్నాళ్లూ ఆమె చూసింది విప్పని ఆ గజిబిజి అక్షరాలనే అన్నమాట! సాయంత్రానికల్లా సరిచేశాడు. మర్నాడు పొద్దున వేళ్లు అలవాటుగా పాత వాక్యమే కొట్టాయి. అంతా చెరిపేసి, "టెస్ట్ పంతొమ్మిది" అని పంపాడు.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఐవీ మారిందండీ. మెసేజే బాలేదు."

"ఏం... ఎందుకండీ?"

"రోజూ పంపేది అది కాదుగా."

"మీరు చదివారా?"

"మొదటి రోజు నుంచీ."

"మరి నిన్న ఐవీ గురించి తప్ప ఒక్క మాటైనా అనలేదే?"

నుస్రత్ గొంతు తగ్గించింది.

"విప్పినది నేనొక్కదాన్నే చూస్తానండీ. విప్పని ప్రింటు మాత్రం రోజూ మా మేనేజరు సంజీవరావుగారి టేబుల్ మీదికెళ్తుంది. 'రోజూ ఇదే వస్తోందేంటమ్మా' అని నిన్న అడిగారు. ఇక ఏడాది పొడుగునా అదే మాట పంపినా ఆయన పోల్చుకోలేరు."